రోహిణి కార్తెలో మేత మానని కోడి ఏది? నెల్లూరు, ప్రకాశం రైతులకు క్రాస్ కోళ్ల పోలిక

హేచరీ వాళ్లు చేతికిచ్చే కాగితంలో ప్రతి క్రాస్ కోడీ (రెండు జాతులు కలిపి తీసినది) బ్రహ్మాండంగా పెరుగుతుంది. పది వారాలకు ఇంత, పన్నెండు వారాలకు ఇంత అని బరువులు వరసగా అచ్చేసి ఉంటాయి. ఆ అంకెలు అబద్ధాలేం కావు. కాకపోతే ఆ కోళ్లని ఏ నెలలో, ఏ ఊళ్లో, ఎలాంటి షెడ్డులో పెంచి తూచారో అందులో ఉండదు. అదే పిల్లని సెప్టెంబరు ఆఖర్లో దించితే ఒక బరువు, ఫిబ్రవరిలో దించితే ఇంకో బరువు. కావలి, అల్లూరు, సింగరాయకొండ, టంగుటూరు వైపు రెండు మూడు బ్యాచ్‌లు తీసిన వాళ్లెవరినడిగినా ఈ మాటే చెబుతారు.

అందుకని "ఏ కోడి బాగా పెరుగుద్ది?" అని అడిగితే ఒక్క ముక్కలో జవాబు లేదు. ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి. ఏ నెలలో అమ్ముతారు? మీ ఊరు సముద్రానికి ఎంత దగ్గర? షెడ్డులో మేపుతారా, దొడ్లో వదులుతారా? ఇవి తేలితే సగం జాతులు వాటంతటవే పక్కకు పోతాయి. మనవాళ్లలో ఎక్కువమంది దీన్ని తిరగేసి చేస్తారు. ముందు పిల్లలు వచ్చేస్తాయి, తర్వాత రేకులు కొంటారు, మూడో నెల వచ్చాక ఎవరికి అమ్మాలా అని ఆలోచిస్తారు.

ఎండ వేరు, ఉక్క వేరు

కోడికి చెమట గ్రంథులు లేవు. ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల పైన ఉంటుంది. చుట్టూ గాలి 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంటే దానికి హాయి. 30 దాటాక మేత తగ్గించడం మొదలుపెడుతుంది. 35 పైన నోరు తెరిచి రొప్పుతుంది. గొంతులో, గాలి గొట్టాల్లో ఉన్న తడి ఆవిరైపోతూ ఒంట్లో వేడిని బయటికి తీసుకుపోవాలి, ఆ రొప్పు అందుకే. గాలిలో అప్పటికే తేమ నిండుగా ఉంటే ఆ తడి ఆవిరి కాదు. కోడి ఇంకా గట్టిగా రొప్పుతుంది, ఆ రొప్పడానికే ఒళ్లు ఇంకాస్త వేడెక్కుతుంది. రొప్పి రొప్పి రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది. పెట్టలు వేసవిలో పల్చటి పెంకు గుడ్లు పెట్టడానికి ఒక కారణం ఇదే.

మన రెండు జిల్లాల్లో ఈ బాధ రెండు రకాలుగా ఉంటుంది. ఉదయగిరి, దర్శి వైపు మెట్టలో మే నెల మధ్యాహ్నం పడమటి గాలి నిప్పులు చెరుగుతుంది. ఎండ ఎక్కువే, కానీ గాలి పొడి. అక్కడ షెడ్డు పడమటి వైపు గోనె పట్టాలు కట్టి తడుపుతుంటే లోపల వేడి తేడా చేతికే తెలుస్తుంది. రాత్రికి నేల చల్లబడుతుంది కాబట్టి కోడి తెల్లవారుజామున తిని కొంత సర్దుకుంటుంది. ఇందుకూరుపేట, ముత్తుకూరు, కొత్తపట్నం లాంటి తీరపు మండలాల్లో థర్మామీటరు అంత పైకి పోదు. సముద్రపు గాలి తిరిగితే కాస్త ఊరట కూడా. కానీ గాలి ఆడని రోజున ఉక్క పగలూ వదలదు, రాత్రీ వదలదు. అక్కడ గోనె పట్టాలు తడిపితే తేమ ఇంకా పెరిగి కోడికి ఊపిరి ఆడదు. నీళ్లని పొగమంచులా చిమ్మే ఫాగర్లదీ అదే కథ. తీరంలో నీటి కంటే గాలి ముఖ్యం. ఫ్యాను కోడి ఎత్తులో తిరగాలి, నీళ్లు చల్లాలంటే పైకప్పు మీద చల్లుకోవాలి. మెట్టలో ఎవరికో పనికొచ్చింది కదా అని అదే ఏర్పాటు తీరంలో చేస్తే డబ్బు ఖర్చయి చావులు పెరుగుతాయి.

జాతి ఎంపికకు దీంతో ఏం సంబంధం అంటే, ఒళ్లు పెద్దదైన కొద్దీ వేడి బయటికి పోవడం కష్టం. బరువు పెరిగినంతగా చర్మం పెరగదు. త్వరగా కండ పట్టే కోడి ఎక్కువ తింటుంది, తిన్నది అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. చల్లటి కాలంలో ఏ గుణం చూసి ఆ జాతిని మెచ్చుకుంటామో, వేసవిలో ఆ గుణమే దాన్ని దెబ్బతీస్తుంది. తేలికైన ఒళ్లు, పొడుగు కాళ్లు, పెద్ద జుట్టు (తల మీది ఎర్ర కండ), తక్కువ ఈకలు, ఇవీ ఉక్కకు తట్టుకునే కోడి గుర్తులు. తల మీద జుట్టు, గడ్డం కింద తమ్మెలు ఊరికే అందానికి లేవు, వాటి నిండా రక్తనాళాలు ఉంటాయి, వేడి అక్కడి నుంచి పోతుంది.

వనరాజ, గ్రామప్రియ: అసలు పోటీ వీటి మధ్యే

రెండూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు తయారు చేసినవే. రెండూ పెరట్లో పెంచుకోవడానికే. రంగు ఈకలు, గోధుమ రంగు గుడ్లు కాబట్టి నాటు కోడి అలవాటున్న వాళ్లకు కంటికి నచ్చుతాయి. పోలిక అక్కడితో సరి.

వనరాజ ఒళ్లు చేసే కోడి. పుంజులు పది పన్నెండు వారాలకు కిలోం పావు నుంచి కిలోన్నర వస్తాయి. గుడ్లు పెరటి పెంపకంలో ఏడాదికి 110 దాకా. మొదటి గుడ్డుకు దాదాపు ఆరు నెలలు ఆగాలి. మాంసానికి అమ్మాలనుకునే వాళ్లకి ఇదే ముందు కళ్లబడుతుంది, అందులో తప్పేం లేదు. ఇబ్బంది ఎక్కడంటే, మూడు నెలలు దాటాక దాన్ని అమ్మకుండా ఉంచుకుంటే ఒళ్లు పెరుగుతూనే ఉంటుంది. ఆరు నెలల పెట్ట రెండున్నర కిలోలు దాటితే కొవ్వు పట్టి గుడ్లు తగ్గుతాయి. ఏప్రిల్, మే నెలల్లో నీడ పట్టున పడుకుని రెక్కలు పరిచి రొప్పే పెట్టల్లో మొదటివి ఇవే. గుడ్ల కోసం వనరాజ పెట్టల్ని ఉంచుకునేవాళ్లు చేతి మేత కొలిచి వేయాలి. దొడ్లో తిరిగి ఏరుకున్నది పోగా సాయంత్రం ఒక పూట చాలు. దోసిళ్లతో నూకలు పోస్తే అది గుడ్డుగా మారదు.

గ్రామప్రియ గుడ్ల వైపు మొగ్గిన కోడి. పెరట్లో ఏడాదికి 160 నుంచి 180 గుడ్లు పెడుతుంది, గుడ్డుకు వనరాజ కంటే ముందే వస్తుంది. పుంజు కిలోం పావు, కిలోన్నర రావడానికి పదిహేను వారాలు పడుతుంది. అంటే మాంసం లెక్కలో మూడు నాలుగు వారాలు వెనక. ఆ వెనకబాటు చూసే చాలామంది దీన్ని వద్దంటారు. కానీ ఒళ్లు తేలిక, కాళ్లు పొడుగు, చురుకు ఎక్కువ. కుక్క వచ్చినా గద్ద వాలినా తప్పించుకునే తెలివి వనరాజ కంటే దీనికే ఉంది. ఎండాకాలంలో వనరాజ మేత ముట్టని పూట కూడా ఇది చెట్టు కింద గీరుతూ కనిపిస్తుంది. చల్లటి నెలల్లో వనరాజకున్న మూడు వారాల ఆధిక్యం, మార్చి తర్వాత ఉక్క ఊళ్లలో బాగా కరిగిపోతుంది. దానికి చావుల తేడా కూడా కలుపుకుంటే, తీరపు మండలాల్లో వేసవి గుండా పెంచాల్సిన బ్యాచ్‌కి గ్రామప్రియే మేలని నా అభిప్రాయం. సంక్రాంతికి అమ్మే బ్యాచ్‌కి వనరాజ. ఇందులో నాకు పెద్దగా సందేహం లేదు.

అదే సంస్థ శ్రీనిధి ఈ రెంటికీ నడిమధ్య. ఏడాదికి 140, 150 గుడ్లు, ఒళ్లు కూడా పర్వాలేదు. పిల్లలు దొరికితే పది, ఇరవై పెంచుకునే ఇంటికి మంచి బేరం. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల నుంచి వచ్చిన రాజశ్రీ కూడా తేలిక ఒళ్లు కోడే, గుడ్లకు బాగుంటుంది. బెంగళూరు గిరిరాజ, స్వర్ణధార ఒళ్లు పెద్దవి. వాటి గురించి వనరాజకు చెప్పిందే ఇంకాస్త గట్టిగా చెప్పుకోవాలి.

ఒక మాట ఇక్కడే చెప్పేయాలి. ఇవేవీ పొదగవు, లేదా నమ్మకంగా పొదగవు. గుడ్లు నాటు పెట్ట కింద పెట్టి పిల్లలు తీసుకోవచ్చు, చాలా ఇళ్లలో చేసేది అదే. కానీ అలా వచ్చిన పిల్లలు తల్లిలా ఒక్క తీరుగా పెరగవు. ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా, బరువుల్లో సగానికి సగం తేడా. అమ్మకానికి పెంచేవాళ్లు ప్రతిసారీ హేచరీ పిల్లలే తెచ్చుకోవాలి. ఇంటి వాడకానికైతే ఆ తేడాతో ఏం నష్టం లేదు.

అసీల్ క్రాస్, సోనాలి, ఇంకా సంతలో వినపడే పేర్లు

మన పల్లెల్లో జాతి కోడి అంటే అసీలే. డేగ, కాకి, నెమలి, సేతువ అని రంగుల్ని బట్టి పేర్లు పెట్టి, ఇంట్లో పిల్లల కంటే ఎక్కువగా చూసుకునే వాళ్లున్నారు. వేడికి దాన్ని మించిన కోడి లేదు. ఈకలు ఒంటికి అంటుకుని తక్కువగా ఉంటాయి, కాళ్లు పొడుగు, మెడ పొడుగు, కొవ్వు తక్కువ. కానీ పెట్ట ఏడాదికి ముప్పై, నలభై గుడ్లు పెడితే గొప్ప. పిల్ల పెరగడం నత్తనడక. వ్యాపారానికి అచ్చమైన అసీల్ కుదరదు.

అందుకే క్రాస్. అసీల్ పుంజుని రంగు పెట్టల మీద వేసి తీసిన పిల్లల్ని సంతల్లో నాటు క్రాస్ అని అమ్ముతారు. ఇందులో మంచి ఏమిటంటే వేడికి ఓర్చే గుణం చాలావరకు దిగుతుంది, మాంసం గట్టిగా ఉంటుంది కాబట్టి ఆదివారం కొనేవాడు నాటు కోడి ధరకు దగ్గరగా ఇస్తాడు. చెడు ఏమిటంటే తల్లి ఏదో ఎవరూ చెప్పరు. తల్లి బ్రాయిలర్ మాతృ జాతిదైతే ఒక రకం, గుడ్ల జాతిదైతే ఇంకో రకం. నాలుగు నెలలకు కిలోం పావు, కిలోన్నర వస్తే బాగా వచ్చినట్టు. మూడో నెల దాటాక పుంజులు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. ఉక్క పెరిగితే ఆ పోట్లాట ఇంకా ఎక్కువ. షెడ్డులో ఒత్తుగా పెడితే తోకలు, వీపులు రక్తాలు కారతాయి. వీటికి చోటు కావాలి, ఆకు కూరల కట్టలు వేలాడదీసి పని కల్పించాలి, పుంజుల్ని పెట్టల్ని విడదీయాలి. ఇజ్జత్‌నగర్‌లోని కేంద్ర పక్షి పరిశోధన సంస్థ అసీల్ రక్తంతో కారి నిర్భీక్ అనే కోడిని తీసింది. పిల్లలు దొరికితే ఎవరో తెలియని సంత క్రాస్ కంటే అది నయం, పెరుగుదల ఒక తీరుగా ఉంటుంది.

సోనాలి, కావేరి, డీపీ క్రాస్ అని కూడా వింటుంటారు. వీటిలో కొన్నింటి వెనక అసలు జాతులున్నాయి. కానీ మనకు చేరేసరికి ఆ పేరు మీద ఏది పడితే అది వస్తుంది. పేరు కాదు చూడాల్సింది. తల్లిదండ్రుల్ని చూపిస్తారా, ఇంతకుముందు అదే పిల్లల్ని మీ చుట్టుపక్కల ఎవరికిచ్చారు, ఆ షెడ్డు వేసవిలో చూడొచ్చా. ఈ మూడింటికీ జవాబు చెప్పని వాళ్ల దగ్గర రూపాయి చౌకైనా కొనకండి.

మెడ మీద ఈకలు లేని బోడిమెడ కోడి మన పల్లెల్లో అక్కడక్కడా కనబడుతుంది. చూడ్డానికి బాగోదని తీసిపారేస్తారు గానీ, ఉక్కకు దేవుడిచ్చిన కోడి అది. ఆ గుణం ఒక తల్లిదండ్రి నుంచే వచ్చినా ఒంటి మీద ఈకలు దాదాపు ఐదో వంతు తగ్గుతాయి, ఇద్దరి నుంచీ వస్తే నలభై శాతం దాకా. అంత మేర చర్మానికి గాలి తగులుతుంది, ఈకలకు పోయే మాంసకృత్తులు కండకు మిగులుతాయి. వేడి ప్రాంతాల్లో మామూలు ఈకల కోళ్ల కంటే బోడిమెడవి బాగా ఎదుగుతాయని చాలా దేశాల్లో పరీక్షించి చూశారు. ఇజ్జత్‌నగర్ వాళ్ల హిట్‌కారి ఈ రక్తంతో వచ్చిందే. పెంచేవాళ్లకు లాభం, కొనేవాళ్లకు మాత్రం అలవాటు లేదు. కోసి అమ్మేవాళ్లకు సరఫరా చేస్తే ఫరవాలేదు, ప్రాణంతో సంతలో పెడితే బేరం తగ్గుతుంది. మీ దొడ్లో అలాంటి పుంజు ఉంటే మాత్రం అమ్ముకోకుండా ఉంచండి.

కడక్‌నాథ్ గురించి అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు జాతి, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వేడికి ఓర్చుకుంటుంది, నిజమే. పెరిగిన పుంజే కిలోన్నర. ఆ ధర పెట్టి కొనే మనిషి ముందే చేతిలో ఉంటే తప్ప దాని జోలికి పోవద్దు.

మరి బ్రాయిలర్ సంగతేంటి అంటారేమో. ఐదారు వారాల్లో రెండు కిలోలు, కిలో బరువుకు కిలోన్నర పైచిలుకు మేత. క్రాస్ కోళ్లకు షెడ్డులో మేపితే కిలో బరువుకు దాదాపు మూడు కిలోల మేత పడుతుంది. లెక్క చూస్తే బ్రాయిలరే గెలుస్తుంది. కానీ మేలో, సరిగ్గా అమ్మకానికి వచ్చిన ఐదో వారంలో, మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు పోతే ఏమవుతుందో ఆ పని చేసినవాళ్లకి తెలుసు. అప్పటికి మేతంతా తినేసి ఉంటుంది, పోయిందంటే అసలూ వడ్డీ రెండూ పోతాయి. జనరేటరు, పెద్ద ఫ్యాన్లు లేనివాళ్లు వేసవిలో బ్రాయిలర్ వేయకూడదు. మూడు కిలోల మేత తినే క్రాస్ కోడి లాభం చూపాలంటే నాటు కోడికి దగ్గరగా ధర రావాలి, లేదంటే మేతలో కొంత భాగం దొడ్డి, తోట ఇవ్వాలి. ఈ రెండూ లేనిచోట క్రాస్ కోడి గిట్టదు.

పిల్లల్ని ఎప్పుడు దించాలి

జాతి కంటే ఇదే ఎక్కువ తేల్చుతుంది.

సెప్టెంబరు ఆఖరు, అక్టోబరు మొదటి వారంలో దించితే కనుమ నాటికి పద్నాలుగు, పదిహేను వారాలు. క్రాస్ కోడికి సరిగ్గా అమ్మే వయసు. మధ్యలో కార్తీక మాసంలో మాంసం కొనేవాళ్లు తగ్గిపోతారు గానీ, అప్పటికి మీ కోళ్లు పిల్లలే కాబట్టి మీకు పట్టింపు లేదు. కష్టం ఒక్కటే. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సరిగ్గా పిల్లలకు వెచ్చదనం కావాల్సిన వారాల్లో ముసురు, తుపాను, కరెంటు కోత. మొదటి వారం బ్రూడర్ (పిల్లల్ని వెచ్చగా ఉంచే బల్బుల ఏర్పాటు) కింద 35 డిగ్రీలు ఉండాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకోవచ్చు. కింద పరిచిన ఊక తడిస్తే రక్తపారుడు (కాక్సిడియోసిస్) ఖాయం. అయినా ఈ బ్యాచ్‌కే నా ఓటు. డిసెంబరు, జనవరి నెలల చల్లదనంలో కోడి తిన్న ప్రతి గింజా ఒంటికి పడుతుంది.

నవంబరు చివర్లో దించినవి మార్చికి తయారవుతాయి, ముదురు ఎండ రాకముందే బయటపడతాయి. రెండో మంచి బ్యాచ్ ఇది. సంక్రాంతికి అందరూ దించే పిల్లలకు ధర ఎక్కువ, దీనికి అంత పోటీ ఉండదు.

ఫిబ్రవరి, మార్చిలో దించినవి ఏప్రిల్, మే, రోహిణి కార్తె గుండా పెరగాలి. తప్పనిసరైతే సంఖ్య మూడో వంతు తగ్గించండి, తేలిక జాతే వేయండి, కిలో రాగానే అమ్మేయండి. కిలోన్నర కోసం మేలో మూడు వారాలు ఆగితే మేత ఖర్చు తప్ప బరువు రాదు.

జూన్‌లో దించేవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. పిల్లలకు మొదటి వారాల్లో వేడే కావాలి, బయట ఉచితంగా దొరుకుతోంది, పగటి పూట బల్బు అక్కర్లేదు. కోడికి ఒళ్లు వచ్చే ఆగస్టు, సెప్టెంబరు నాటికి ఎండ కొంత మెత్తబడుతుంది. శ్రావణం దాటాక దసరాకు అమ్మొచ్చు. అయితే రేకుల షెడ్డులో మధ్యాహ్నం 38 దాటితే పిల్లలు కూడా రెక్కలు విప్పి బ్రూడర్‌కి దూరంగా గోడ వారకి పోతాయి. అప్పుడు బల్బు ఆపి నీళ్ల గిన్నెలు పెంచాలి.

పెరగకపోతే, కారణం ఎండేనా?

వారానికోసారి, ఒకే రోజు, తెల్లవారి మేత వేయకముందు పది కోళ్లని కొక్కెం త్రాసుకి వేలాడదీసి తూచండి. పట్టుకున్నవి అమాంతం లావువి కాకుండా, ఒక మూల అడ్డుతట్టతో కొన్నింటిని ఆపి వాటన్నిటినీ తూచాలి. ఆ పక్కనే ఆ వారం వేసిన మేత రాసుకోండి. రెండు వారాలు బరువు కదలకపోతే ఈ రెండు అంకెలే దారి చూపుతాయి. మేత కూడా తగ్గి ఉంటే కారణం చాలావరకు ఎండ, ఉక్క, కాకపోతే కారు వాసన వచ్చిన మేత. మేత మామూలుగానే పోతూ బరువు ఆగితే ఎండని తిట్టి లాభం లేదు, చాలావరకు నట్టలు, రక్తపారుడు, బూజు పట్టిన మేత, ఈ మూడింట్లో ఒకటి. కోడిని చేతిలోకి తీసుకుని బొటనవేలితో రొమ్ము ఎముక తడమండి. రెండు వైపులా కండ ఉండి ఎముక వేలికి కొద్దిగా తగిలితే సరే. కత్తి అంచులా తగిలితే తిన్నది ఒంటికి పట్టడం లేదు.

మేత చెడడం ఉక్క ప్రాంతాల్లో మామూలు. కోవూరు వైపు మిల్లుల్లో తవుడు చౌకగా దొరుకుతుంది, మంచిదే. కానీ నూనె ఉన్న తవుడు ఈ తేమలో రెండు మూడు వారాలకే కారు వాసన వస్తుంది, కోళ్లు ముట్టవు. తవుడు బస్తాలు నేల మీద కాకుండా బల్ల మీద పెట్టుకోవాలి, పదిహేను రోజులకు సరిపడా మాత్రమే తెచ్చుకోవాలి. తేమ తగిలిన మొక్కజొన్న, వేరుశనగ చెక్కల్లో బూజు విషం పుడుతుంది, దాంతో కాలేయం పాడై కోడి ఎదుగుదల ఆగుతుంది, టీకా కూడా సరిగ్గా పనిచేయదు. తీరపు ఊళ్లలో ఎండు చేపల పొడి కలిపేవాళ్లున్నారు. దాంట్లో ఉప్పు ఎక్కువైతే కోడి నీళ్లు తెగ తాగి పల్చగా రెట్టలు వేస్తుంది, ఊక తడిసి అమ్మోనియా వాసనకి కళ్లు మండుతాయి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో ఇది రెండింతలు.

వేసవిలో మేత వేళ మార్చండి. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు లైటు వేసి మేత పెట్టాలి, పది గంటలకు తొట్లు ఎత్తేయాలి, సాయంత్రం ఐదు తర్వాత మళ్లీ పెట్టాలి. మిట్ట మధ్యాహ్నం కడుపునిండా ఉన్న కోడే ముందు చస్తుంది. నీళ్లు మాత్రం ఆగకూడదు. మామూలుగా తిన్న మేతకు రెండింతలు తాగే కోడి ఎండాకాలంలో నాలుగింతలు తాగుతుంది. షెడ్డు మీద నల్ల ట్యాంకు పెట్టి, అందులో నీళ్లు టీకి కాగినట్టు కాగుతుంటే ఏ కోడీ తాగదు. ట్యాంకుకు నీడ వేయాలి, పైపు భూమిలో పాతాలి, మధ్యాహ్నం ఒకసారి పైపులో వేడి నీళ్లు వదిలేయాలి. ఎలక్ట్రోలైట్ పొడి, విటమిన్ సి ఆ పూట నీళ్లలో కలిపితే ఉపయోగం ఉంటుంది, కానీ నీళ్లు చల్లగా లేకుండా పొడి కలిపి లాభం లేదు.

కప్పు విషయంలో తాటాకు కప్పుని మించింది లేదు. గాలివానకు ఎగిరిపోతుంది, పాము చేరుతుంది, ఎలుక చేరుతుంది, అన్నీ నిజమే. అయినా తీరంలో రెండు మూడొందల కోళ్ల షెడ్డుకి అదే చాలు. రేకులే వేస్తే పైన తెల్ల సున్నం, దాని మీద ఎండు గడ్డి. షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి, పక్క గోడ అడుగున్నర మించకూడదు, మిగతాదంతా జాలి.

రోగాలు

ఎంత మంచి జాతి తెచ్చినా కొక్కెర తెగులు (రానిఖేత్) టీకా వేయకపోతే ఈ పోలికంతా వృథా. ఐదు నుంచి ఏడో రోజు మధ్య కొక్కెర తెగులుకు లసోటా టీకా కంట్లో చుక్క, రెండో వారంలో గంబోరో రోగానికి టీకా, నాలుగో వారంలో మళ్లీ లసోటా, ఆరేడు వారాలకు మశూచి టీకా, ఎనిమిది పది వారాల మధ్య మళ్లీ కొక్కెర తెగులుకే ఆర్2బి సూది. నీళ్లలో టీకా కలిపేటప్పుడు క్లోరిన్ ఉన్న పంచాయతీ నీళ్లు వాడితే టీకా చచ్చిపోతుంది. వేసవిలో టీకాలు ఉదయం ఆరు లోపే వేయాలి, మధ్యాహ్నం కోళ్లని పట్టుకుంటే ఆ పెనుగులాటకే కొన్ని పోతాయి.

2024 ఫిబ్రవరిలో మన పొదలకూరు, కోవూరు మండలాల్లోనే బర్డ్ ఫ్లూ బయటపడింది. వలస పక్షులు దిగే చెరువుల పక్కన, పులికాట్ వైపు, కోళ్లని నీటి గట్ల మీదకి వదలకండి. ఒకేసారి ఎక్కువ చచ్చిపోతే చెరువులో పారేయకుండా పశువుల డాక్టరుకి చెప్పండి.

మీ పరిస్థితికి ఏది

ఇంటి దగ్గర పది, ఇరవై కోళ్లు, గుడ్లు ఇంట్లోకి, మిగిలితే అమ్మకానికి: తీరమైనా మెట్టయినా గ్రామప్రియ, లేదంటే శ్రీనిధి. వాటితో పాటు పొదిగే నాటు పెట్టలు రెండు ఉంచుకోండి.

పొదలకూరు వైపు నిమ్మ తోటలున్న వాళ్లకు మిగతావారికి లేని వసతి ఉంది. చెట్ల కింద నీడ, పురుగులు, గడ్డి. తోటకి వల కట్టుకోగలిగితే అసీల్ క్రాస్‌కి అంతకంటే మంచి చోటు లేదు, పోట్లాటలు కూడా తగ్గుతాయి. పురుగు మందు కొట్టిన వారంలో మాత్రం కోళ్లని లోపలే ఉంచాలి.

షెడ్డులో మూడొందలు, ఐదొందలు వేసి ఆదివారం అమ్మకాలు చేసే కుర్రాళ్లు అక్టోబరు, నవంబరు బ్యాచ్‌లకు వనరాజ వేయొచ్చు. వేసవి బ్యాచ్‌కి గ్రామప్రియ పుంజులు, లేదంటే తల్లిదండ్రులు తెలిసిన అసీల్ క్రాస్. చల్లకాలంలో కోడికి ఒకటిన్నర చదరపు అడుగు చాలు, వేసవిలో రెండు ఉండాలి.

దర్శి, ఉదయగిరి మెట్టలో నీళ్లకి కొరత, ఎండ పొడి. అక్కడ వనరాజ వేసవిలో కూడా తీరంలో అంత ఇబ్బంది పడదు, పడమటి వైపు తడి పట్టాలు కడితే నిలబడుతుంది. అయితే నీళ్లలో ఫ్లోరైడ్, ఉప్పు ఎక్కువున్న ఊళ్లలో ముందు నీటి పరీక్ష చేయించుకోవాలి.

పిల్లలు తెచ్చేరోజు తెల్లవారుజామునే బయల్దేరండి. పెట్టె తెరిచి నాలుగైదు పిల్లల్ని తిరగేసి చూడండి. బొడ్డు మూసుకుని ఆరి ఉండాలి, కాళ్లు నిగనిగలాడాలి, వెల్లకిలా పడేస్తే మూడు సెకన్లలో లేవాలి. ఇంటికి తెచ్చి నీళ్లు తాగించాక మేత వేసి, ఆ రాత్రి పడుకునే ముందు పది పిల్లల మెడ కింద మేత సంచి వేళ్లతో తడమండి. నిండుగా, మెత్తగా తగలాలి. నీళ్లే తగిలితే మేత దొరకలేదని, గట్టి గింజలు తగిలితే నీళ్లు దొరకలేదని అర్థం. పదిలో రెండు మూడింటివి ఖాళీగా ఉంటే అప్పుడే తొట్లు పెంచి, లైటు దగ్గరికి జరపండి.